అరకు లోయకు మూడు రోజులు: ఇంటిల్లిపాదీ బయలుదేరే ముందు

మన ఇళ్ళలో ప్రయాణమంటే పెళ్ళికి వెళ్ళడం, జనాజాకు వెళ్ళడం, లేదంటే ఆసుపత్రికి వెళ్ళడం. ఈ మూడూ కాకుండా ఇంటిల్లిపాదీ కలిసి ఒక చోటికి వెళ్ళి, రెండు రాత్రులు ప్రశాంతంగా గడిపి వచ్చిన కుటుంబాలు మన మహల్లాలో ఎన్ని ఉంటాయో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మగవాళ్ళు వ్యాపారం పేరుతోనో, జమాఅత్ పేరుతోనో నాలుగు ఊళ్ళు చూస్తారు. పిల్లలు బడివాళ్ళతో విహారయాత్రకు వెళ్తారు. ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి మాత్రం ఆ అవకాశం రాదు.

"మాస్టారూ, ఇదంతా డబ్బు దండగ కదా? ఆ సొమ్ముతో ఒక పేదవాడికి కడుపు నింపవచ్చు కదా?" అని కొందరు సోదరులు మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్నే. దుబారా మన ధర్మంలో నిషిద్ధం, సందేహం లేదు. అప్పు చేసి, వాయిదాలు కట్టి, పక్కింటివారు వెళ్ళారని తామూ వెళ్ళే ప్రయాణం ముమ్మాటికీ దుబారాయే. కాని భూమిమీద సంచరించి సృష్టిని పరికించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల పిలుపునిస్తున్నది. భార్యాబిడ్డల హక్కు కూడా మనమీద ఉన్నది. స్థోమతకు లోబడి, ఏడాదంతా కొద్దికొద్దిగా కూడబెట్టి చేసే చిన్న ప్రయాణం దండగ కాదని మా అభిప్రాయం. అయితే దానికి ముందు ఆలోచన కావాలి. ఆలోచన లేకుండా బయలుదేరితే ఏమవుతుందో మేము ఒకసారి అనుభవించాం. అందుకే ఈ నాలుగు మాటలు.

2009లో మేము చేసిన పొరపాటు

మాది గోదావరి ఒడ్డున ఉన్న పట్టణం. 2009లో, శీతాకాలంలో, ఒక బంధువు మాట పట్టుకుని రెండు రోజుల్లోనే సామాను సర్దుకుని అరకు బయలుదేరాం. అప్పటికి మా అమ్మీజాన్ బతికే ఉన్నారు. డెబ్బై ఏళ్ళు దాటాయి, మోకాళ్ళ నొప్పులు. అయినా "నేనూ వస్తాను బేటా, కొండల్లో రైలు ఎక్కుతాను" అని చిన్నపిల్లలా సంబరపడ్డారు.

విశాఖపట్నం స్టేషన్లో తెల్లవారుజామున చేరితే కిరండూల్ రైలులో జనం కిక్కిరిసి ఉన్నారు. రిజర్వేషన్ చేయించలేదు. అమ్మీజాన్‌కు ఎవరో పుణ్యాత్ములు చోటిచ్చారు. మేము నిలబడే వెళ్ళాం. బొర్రా గుహల స్టేషన్లో దిగాం. అక్కడి మెట్లు చూసి అమ్మీజాన్, "నేను ఇక్కడే కూర్చుంటాను, మీరు వెళ్ళి చూసి రండి" అన్నారు. సరేనన్నాం. "పావుగంటలో వచ్చేస్తాం" అని చెప్పి లోపలికి దిగాం. గుహ చూసి, ఫొటోలు తీసుకుని పైకి వచ్చేసరికి గంటన్నర దాటింది. ఆమెను కూర్చోబెట్టిన చోట నీడ పోయి ఎండ వచ్చింది. నీళ్ళ సీసా ఉన్న సంచి మా చేతిలోనే లోపలికి వెళ్ళింది. తెలియని చోట ఒంటరిగా, వజూకు నీళ్ళు ఎవరిని అడగాలో తెలియక, జుహర్ నమాజు కోసం మాకై ఎదురుచూస్తూ కూర్చున్నారు.

మేము ఏదో చెప్పబోతుంటే ఆమె, "మీరు చూశారు కదా, చాలు" అన్నారు. అంతే. తిరుగు ప్రయాణంలో దానిగురించి ఒక్క మాట ఎత్తలేదు.

2014లో అమ్మీజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆమెను మళ్ళీ అరకు తీసుకెళ్ళే భాగ్యం మాకు దక్కలేదు. ఆ ప్రయాణంలో మేము చూసిన గుహ మాకు సరిగ్గా గుర్తు లేదు. ఎండలో కూర్చున్న అమ్మీజాన్ మాత్రం గుర్తున్నారు. ప్రయాణం బలవంతుడి ఓపికను బట్టి కాదు, అందరికంటే బలహీనంగా ఉన్నవారిని బట్టి వేసుకోవాలన్న పాఠం మాకు అలా ఆలస్యంగా తెలిసింది.

అసర్ తర్వాత సంప్రదింపు

2023 చివరిలో మా పెద్దమ్మాయి నిఖా ఖాయమైంది. అత్తవారిది దూరపు ఊరు. ఆమె వెళ్ళిపోతే ఈ ఇంట్లో అందరం ఒకచోట ఉండే రోజులు మళ్ళీ ఎప్పుడో! ఈలోగా ఒక్కసారి అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామని పిల్లలు పట్టుబట్టారు. ఈసారి తొందరపడలేదు. ఒక శుక్రవారం అసర్ నమాజు తర్వాత అందరినీ చాపమీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగాం: "నీకు అక్కడ తప్పక కావలసినది ఒక్కటే చెప్పు."

చిన్నవాడు సొరంగాల రైలు అన్నాడు. పెద్దవాడు బొంగు చికెన్ అన్నాడు. అమ్మాయి కాఫీ తోటలు చూడాలన్నది. మా అత్తగారు, ఆమెకూ ఇప్పుడు డెబ్బై దాటాయి, "నాకేమీ వద్దు, చలికి దుప్పటి చాలు" అన్నారు. మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. రెండోసారి అడిగితే, "ఏమండీ, నేను గుహలూ చూడను, జలపాతాలూ చూడను. ఒక పొద్దున ఎవరో కాచి ఇచ్చిన టీ కూర్చుని తాగాలి. అంతే" అన్నారు.

పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమెకు ముందుగా నిద్ర లేచి మేము పొయ్యి వెలిగించిన రోజులు ఎన్నో మేమే లెక్కపెట్టుకోలేకపోయాం.

ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మాట గుర్తుచేసి, "ఎప్పుడు లేవాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు చాలించాలి అన్న విషయాల్లో ఈ సఫర్‌కు మీ అమ్మీ మాటే ఆఖరు" అని ప్రకటించాం. చిన్నవాడు వెంటనే, "మరి అబ్బా మాట?" అన్నాడు. "అబ్బా సామాను మోస్తాడు" అని అమ్మాయి జవాబిచ్చింది.

ఎప్పుడు వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి

అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. ఈ జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. విశాఖపట్నం నుంచి రోడ్డుమీద సుమారు 115 కిలోమీటర్లు. లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. వర్షాకాలం చివర కొండలు పచ్చగా ఉంటాయి, జలపాతాలు నిండుగా ఉంటాయి, కాని ఘాట్ రోడ్డుమీద ఇబ్బందులు ఎక్కువ. వర్షాలు తగ్గాక వలిసె పూలు పూసి పొలాలు పసుపుబట్ట పరచినట్టు ఉంటాయి. డిసెంబరు, జనవరిలో మంచు, చలి. ఈ నెలల్లో శని, ఆదివారాలు కాలు పెట్టే చోటుండదు. అందుకని మేము రెండు రోజులు సెలవు పెట్టి సోమవారం ఎక్కి, బుధవారం దిగేట్టు అనుకున్నాం. జనం తక్కువ, బస దొరకడం తేలిక, వృద్ధులకు తోపులాట ఉండదు.

రైలా, రోడ్డా అన్నది రెండో ప్రశ్న. ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలకు, ఆడవారికి వాంతులవుతాయి. రైలు నెమ్మదిగా ఎక్కుతుంది, మరుగుదొడ్డి ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు. విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఉన్న ఈ మార్గాన్ని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960వ దశకంలో వేశారు. దారి మొత్తంమీద 58 సొరంగాలు ఉన్నాయని చెబుతారు. మా చిన్నవాడు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టి, మధ్యలో పల్లీలవాడు రావడంతో లెక్క తప్పాడు. అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషన్ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరు లోయకు రైలు రాకముందు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఇదే ఎత్తైనదని చెప్పుకునేవారు. 2017 నుంచి ఈ మార్గంలో అద్దాల పెట్టె కూడా వేశారు. దాని టికెట్టు ఎక్కువ. మేము మామూలు రిజర్వేషన్ పెట్టెలోనే వెళ్ళాం. కిటికీ అందరికీ ఒకటే!

ముందురోజు రాత్రే విశాఖ చేరి బంధువుల ఇంట పడుకున్నాం. తెల్లవారుజాము రైలు కోసం అర్ధరాత్రి ఇల్లు కదలడం పెద్దవారికి మంచిది కాదు. ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు కారు అనుకున్నాం. దీనివల్ల అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా రెండూ తిరుగుదారిలో కలిసివచ్చాయి. వెళ్ళే రోజు ఏ చూడవలసిన చోటూ పెట్టుకోలేదు. చేరడం, భోంచేయడం, పడుకోవడం. అంతే.

ఐదు లిఫాఫాలు

ఖర్చు విషయంలో మా ఇంటావిడ చెప్పిన పద్ధతి ప్రతి కుటుంబమూ పాటించదగినది. మొత్తం సొమ్మును ఐదు లిఫాఫాల్లో వేశారు: ప్రయాణం, బస, తిండి, ప్రవేశ రుసుములు, ఆపద. ఏ లిఫాఫా ఖాళీ అయితే ఆ ఖర్చు అక్కడితో ఆగిపోవాలి. ఆపద లిఫాఫాను మాత్రం మందులకు, అకస్మాత్తు అవసరాలకు తప్ప ముట్టకూడదు. కొండదారుల్లో ఫోను పనిచేయని చోట్లు ఉంటాయి కనుక చేతిలో నగదు ఉండడం మంచిదే. అల్లాహ్ దయవల్ల ఆ లిఫాఫా అవసరం రాలేదు. తిరిగి వచ్చాక అందులో సగం సదఖాగా ఇచ్చేశాం. డబ్బు దండగ అన్న సోదరులకు ఇది కూడా మా జవాబు.

సామానులో బట్టలకంటే ముఖ్యమైనవి: ఉన్ని దుస్తులు, జారని చెప్పులు, వేడినీళ్ళ ఫ్లాస్కు, రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు ఎక్కువగా, దోమల మందు, టార్చిలైటు. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా భయం పాతదే కాబట్టి దోమల విషయంలో అలక్ష్యం వద్దు.

నమాజు లెక్క

ప్రయాణమనగానే నమాజు వాయిదా వేసుకునే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. నిజానికి మన ధర్మం ప్రయాణికుడికి ఇచ్చిన సౌలభ్యం ఎంతో గొప్పది. ఆ సౌలభ్యం తెలియకనే కష్టపడతాం. హనఫీ పండితుల లెక్క ప్రకారం సుమారు 48 మైళ్ళు, అంటే 77 కిలోమీటర్లకు పైబడిన దూరం ఉద్దేశించి తన ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. అక్కడ పదిహేను రోజులకంటే తక్కువ ఉండే ఉద్దేశమైతే జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతులకు బదులు రెండే. ఫజర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. విశాఖ నుంచి అరకు వెళ్ళేవారికి ఈ దూరం సరిపోతుంది. కొండకు దగ్గరి ఊళ్ళవారు తమ దూరం కొలుచుకుని, తమ ఇమాముగారిని అడిగి బయలుదేరాలి.

చలిలో వజూ పెద్దవారికి పరీక్ష. ఇక్కడ మరో సౌలభ్యం ఉన్నది. వజూ చేసి తోలు మేజోళ్ళు (ఖుఫ్ఫైన్) తొడుక్కుంటే, ప్రయాణికుడు మూడు పగళ్ళు మూడు రాత్రుల వరకు కాళ్ళు కడగనవసరం లేకుండా వాటిపై మసహ్ చేయవచ్చు. మా అత్తగారికి ఒక జత కొన్నాం. "ఈ సంగతి ఇన్నేళ్ళూ చెప్పలేదేం బాబూ?" అని ఆమె మమ్మల్ని నిలదీశారు. మదరసాలో చదివినవాళ్ళం, పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం. ఇంట్లోవారికి చెప్పడం మరచిపోయాం!

డిసెంబరులో అక్కడ ఐదున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అందుచేత మగ్రిబ్‌కు ముందే బసకు చేరేట్టు ప్రతిరోజూ అనుకోవాలి. ఖిబ్లా పడమర దిక్కున, కొంచెం ఉత్తరానికి వాలి ఉంటుంది. బసలో దిగగానే ఆ దిక్కు చూసుకుని జానమాజ్ పరిచేస్తే పిల్లలకు వేరే గుర్తుచేయనవసరం లేదు.

బొంగు చికెన్ సంగతి

ఇది చాలామంది మనవాళ్ళు మమ్మల్ని గుచ్చిగుచ్చి అడిగిన ప్రశ్న. లేత వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం నూనె లేకుండా కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులమీద తిప్పుతూ కాలుస్తారు. బొంగు ప్రతిసారీ కొత్తదే కాబట్టి పాత్ర గురించి బెంగ లేదు. జబహ్ సంగతే ప్రశ్న. మా పెద్దవాడు, "అబ్బా, అడగడానికి మొహమాటమెందుకు?" అని తనే ఒక దుకాణం అమ్మను అడిగాడు. "అమ్మా, కోడిని మేమే తెచ్చి మా పద్ధతిలో కోసి ఇస్తే మీరు కాల్చి పెడతారా?" ఆమె, "ఎందుకు పెట్టను బాబూ, పొయ్యి వెలుగుతూనే ఉంది కదా" అన్నది. నాటుకోడి కొని, మేమే జబహ్ చేసి ఇచ్చాం. కూలి డబ్బులు ఎంతో అడిగి ఇచ్చాం. మర్యాదగా అడిగితే ఎక్కడైనా హలాల్ తిండి సాధ్యమే. అడగకుండా తినడం ఒక తప్పు. అడగకుండానే మొహం చిట్లించడం మరో తప్పు. మిగతా పూటలకు పప్పన్నం, గుడ్లు, ఇంటినుంచి తెచ్చిన రొట్టెలు, ఖీమా పచ్చడి సరిపోయాయి.

పరాయి ఇంటికి వెళ్ళినట్టు

ఈ లోయ ఖాళీ స్థలం కాదు. కొండదొర, బగత, వాల్మీకి, పోర్జ, కోదు మొదలైన గిరిజనుల ఇల్లు. బొర్రా పరిసరాల గనుల తగాదాలోనే సుప్రీంకోర్టు 1997లో సమతా తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదన్నది ఆ తీర్పు సారం. అంటే మనం చూసి ముచ్చటపడే కొండకోసం అక్కడివారు న్యాయస్థానం దాకా నడిచారన్నమాట. వారి అనుమతి లేకుండా ఆడవారి ఫొటోలు తీయడం, సంతలో పసుపుకొమ్ములు అమ్మే ముసలమ్మతో ఐదు రూపాయలకు గీచిగీచి బేరమాడడం మన మర్యాదకు తగదు. మన ఆడవారి పర్దా గౌరవించాలని కోరుకునే మనం ఇతరుల ఆడవారి మర్యాదను ముందుగా గౌరవించాలి.

అనంతగిరి కొండల్లో కాఫీ మొక్కలు పెద్ద చెట్ల నీడన పెరుగుతాయి. ఆ చెట్లకే మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. వీలైనంత వరకు గిరిజనుల దగ్గరే కొనడం న్యాయం. మా అమ్మాయి కాబోయే అత్తగారికని ఒక పొట్లం కొన్నది.

బొర్రా మెట్ల దగ్గర

తిరుగుదారిలో బొర్రా వచ్చింది. వర్షపు నీరు నేలలోని ఆమ్లాన్ని కలుపుకుని సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించగా ఏర్పడిన గుహలివి. పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా జారే నీరు వదిలిన సున్నమే కిందికి వేలాడే స్తంభాలుగా, నేలనుంచి లేచే దిబ్బలుగా మారింది. గోస్తనీ నది ఇక్కడే కదిలి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. లోపల హిందూ సోదరులు భక్తితో దర్శించే చోటు ఉన్నది. అక్కడ గొంతు తగ్గించి, దారి ఇచ్చి నడవాలి.

ఈసారి ముందే నిర్ణయించుకున్నాం. పిల్లలు ముగ్గురూ లోపలికి, మేము బయట. మా అత్తగారిని నీడ చూసి కూర్చోబెట్టి, నీళ్ళసీసా, ఫ్లాస్కు పక్కన పెట్టుకున్నాం. "మీరూ వెళ్ళండి బాబూ, నా గురించి ఎందుకు ఆగడం?" అన్నారామె. "నేను ఒకసారి చూశాను అమ్మీ" అన్నాం. జుహర్ వేళయింది. ఫ్లాస్కు నీళ్ళతో ఆమె వజూ చేశారు. మా ఇంటావిడ జానమాజ్ పరిచారు. పద్నాలుగేళ్ళ క్రితం మా అమ్మీజాన్ కూర్చున్న చోటు అక్కడికి పది అడుగుల దూరంలో ఉన్నది. నమాజు తర్వాత ఆమె మగ్ఫిరత్ కోసం దుఆ చేశాం. చాలాసేపు చేశాం.

ఒక కప్పు టీ

మంగళవారం పొద్దున సంగతి చెప్పడం మరిచాం. ఫజర్ తర్వాత మా ఇంటావిడ అలవాటుగా లేచి వంటగది కోసం వెదికారు. పెద్దవాడు అప్పటికే బయటికి వెళ్ళి, బస కాపలాదారు దగ్గర పాలు సంపాదించి, టీ కాయించి తెచ్చాడు. ఆమె వరండాలో కుర్చీ లాక్కుని, శాలువా కప్పుకుని, కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా మంచు. కొండ కనిపించడం లేదు. "చక్కెర ఎక్కువైంది" అన్నారు. కాని పూర్తిగా తాగారు. మంచు కరిగి కొండ కనిపించేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ రోజు జలపాతానికి వెళ్ళాలని కాగితంమీద రాసి ఉన్నది. అమీర్‌గారు కదలలేదు కనుక మేమూ కదలలేదు.

ఇంటికి వచ్చాక మరునాడు ఫజర్ తర్వాత మేమే పొయ్యి వెలిగించాం. టీ అంత బాగా రాలేదు. ఆ అలవాటు మాత్రం ఇప్పటిదాకా వారానికి రెండు రోజులు నిలబెట్టుకుంటూ వస్తున్నాం.

ప్రియ సోదరులారా! మీ ఇంట్లోనూ ఒక శుక్రవారం అసర్ తర్వాత చాప పరచండి. అందరినీ అడగండి. అరకే కానక్కరలేదు, మీ ఊరికి దగ్గరలోని ఏ కొండైనా, ఏ చెరువు గట్టైనా సరే. అడిగినప్పుడు ఎవరు మాట్లాడకుండా ఊరుకుంటారో వారిని రెండోసారి అడగండి. మీ ఇంట వృద్ధులుంటే ఈ ఏడాదే వెళ్ళండి. మన ప్రయాణాలను, మన ఇళ్ళను అల్లాహ్ సుఖశాంతులతో నింపుగాక. ఆమీన్!